మీకు తెలుసా? చెడిన క్రెడిట్ స్కోరును సరిచేసుకోవచ్చు!

నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుడైనా, చంపావతి నది ఒడ్డు రైతైనా అప్పు కోసం వెళ్తే బ్యాంకు చూసేది 300–900 మధ్య ఉండే క్రెడిట్ స్కోరు.

• ఈ స్కోరు ఇచ్చే సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ సంస్థలు నాలుగూ ఏడాదికోసారి పూర్తి క్రెడిట్ రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి.

• తీర్చేసిన అప్పు ఇంకా బాకీగానే కనిపిస్తోందా? నో డ్యూస్ సర్టిఫికెట్ జతచేసి ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే, ఆపై రోజుకు రూ.100 పరిహారం మీ హక్కు. ఈ రిజర్వు బ్యాంకు నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది.

• బాకీ తగ్గించి కడితే రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది. అది స్కోరుకు చేటు. వీలైతే మొత్తం కట్టి ‘క్లోజ్డ్’ అని రాయించుకోండి.

• డబ్బిస్తే పాత ఎగవేతలు చెరిపేస్తామనేవారిని నమ్మకండి. వాయిదాలు గడువులోగా కడుతూ ఉంటే స్కోరు నెలనెలా మెల్లగా కోలుకుంటుంది.