వలసవచ్చిన వారి వంటిల్లు

చైనా ఆగ్నేయతీరమునకు ఎదురుగా, జలసంధి కావలివైపున, సుమారు 36,000 చదరపు కిలోమీటర్ల వైశాల్యముతో పర్వతమయమై యున్న తైవాను ద్వీపమును గడచిన నాలుగు వందల సంవత్సరములలో డచ్చివారును, ఉత్తరమున కొంతకాలము స్పెయినువారును, జెంగ్ వంశీయులును, చింగ్ చక్రవర్తులును, జపానువారును, తుదకు చైనా జాతీయవాదులును ఏలిరి. ఏలినవారు ఏమి కోరి వచ్చిరో, ఏమి కొనిపోయిరో చరిత్రగ్రంథములు చెప్పును. వారి వెంట వచ్చిన కూలీలు, సైనికులు, నిరాశ్రయులు ఏమి తినిరో, దొరకనిదానికి బదులు దేనిని వండుకొనిరో తెలియవలెనన్న మాత్రము ఆ ద్వీపపు వీధి అంగళ్లలో కూర్చుండి భుజింపవలెను. నేడు లోకము మెచ్చుకొనుచున్న తైవాను వంటకములలో అధికభాగము ఇల్లు విడిచి వచ్చినవారి కొరతనుండి పుట్టినవి.

వీరందరికంటె వేల సంవత్సరములు ముందుగా అచ్చట నివసించుచున్న ఆదిమజాతులు కొర్రలను, చేమదుంపలను పండించుకొని, అడవిపందిని వేటాడి, అతయల్ జాతివారు మకావ్ అని పిలుచు నిమ్మవాసనగల కొండమిరియముతో కూరలకు పరిమళము కూర్చిరి. మన మచిలీపట్టణమున అప్పటికే వర్తకస్థానము నెలకొల్పి యున్న డచ్చి తూర్పు ఇండియా కంపెనీ 1624లో నేటి తైనాన్ నగర సమీపమున కోట కట్టి, చెరకును వరిని సాగుచేయించుటకై ఎదుటితీరపు ఫుజియన్ రైతులను రప్పించెను. 1662లో జెంగ్ వంశపు సేనాని జెంగ్ చెంగ్‌గోంగ్ ఆ కోటను గైకొని డచ్చివారిని వెడలగొట్టెను. ఆ యుద్ధకాలమున ధాన్యము కరవై సైనికులు చిలగడదుంప గంజిపిండిలో ఆల్చిప్పల మాంసమును కలిపి అట్లు వేసికొనిరనియు, రాత్రి సంతలలో నేడు ఎఱ్ఱని తీపికారపు రసముతో వడ్డించు ఆల్చిప్పల అట్టుకు అదియే మూలమనియు తైనాన్ వాసులు చెప్పుకొందురు. కథకు సాక్ష్యము బలహీనమైనను, అందలి సరకులు సత్యమునే పలుకుచున్నవి. చిలగడదుంప అమెరికా ఖండమున పుట్టి, స్పెయిను ఓడలలో ఫిలిప్పీన్సుకును, అచ్చటినుండి ఫుజియన్‌కును చేరి, పేదల ప్రాణమును నిలిపిన పంట. ఆల్చిప్పలు పడమటి తీరపు బురదనేలల సంపద.

1895లో ద్వీపము జపాను వశమైనది. సన్నని, పొడిపొడిగా నుండు స్థానికపు బియ్యము జపానువారికి రుచింపలేదు. 1918లో వారి దేశమున బియ్యపు ధరలపై పెద్ద అల్లర్లు చెలరేగుటచే వలసరాజ్యపు వరి వారికి మరింత ఆవశ్యకమైనది. ఇసో ఎయికిచి మొదలగు వ్యవసాయశాస్త్రజ్ఞుల కృషిచే ఆ ఉష్ణభూమిలో జపాను జాతి వరి పండుట సాధ్యమై, 1926లో దానికి పోన్లాయ్ అని నామకరణము జరిగినది. ఆ బియ్యమును పండించిన రైతులనేకులు దానిని ఓడల కెక్కించి, తాము మాత్రము చిలగడదుంప ముక్కలు కలిపిన అన్నమును తినిరి. ఈ సంగతిని మరచి పోన్లాయ్ బియ్యపు మెత్తదనమును పొగడుట నాకు న్యాయముగా తోచదు. రైలుస్టేషన్లలో అమ్ము భోజనపు పెట్టె కూడ జపాను కాలపు అలవాటే. జపానువారు దానిని చల్లారిన పిమ్మట తినుటకు వెనుదీయరు. తైవానువారు అన్నము పొగలు గ్రక్కవలె నందురు. వేయించిన పందిమాంసము, సోయా రసమున ఉడికిన గ్రుడ్డు, ఊరవేసిన కూరగాయలు పైన పేర్చిన చిషాంగ్ ఊరి పెట్టెకు నేటికిని ప్రయాణికులలో గొప్ప పేరు కలదు.

అన్నింటికంటె విచిత్రమైన కథ గోమాంసపు నూడుల్సుది. దున్నెడి ఎద్దు తమతో సమముగా కష్టించినదను కృతజ్ఞతచే తైవాను రైతులు తరతరములుగా గోమాంసమును ముట్టెడివారు కారు. నేటికిని ఆ నియమమును పాటించు వృద్ధులు కలరు. గోధుమ కూడ అచ్చట ముఖ్యాహారము కాదు. అట్టి నేలపై, గోధుమ నూడుల్సును గోమాంసమును కలిపిన వంటకము ద్వీపమంతటికి గుర్తుగా నిలుచుట ఎట్లు సంభవించినది? 1949లో చైనా అంతర్యుద్ధమున ఓడిన జాతీయ ప్రభుత్వముతో పాటు పది లక్షలకు మించిన జనము సముద్రము దాటి వచ్చిరి. వీరిలో సైనికులును వారి కుటుంబములును జువాన్‌సున్ అను ఆవాసములలో, పలుచని గోడల ఇండ్లలో నివసించిరి. త్వరలోనే తిరిగి పోవుదుమను ఆశతో వచ్చినవారు దశాబ్దములపాటు పోలేకపోయిరి. కావోషుంగ్ ప్రాంతపు గాంగ్‌షాన్‌లో స్థిరపడిన, చైనాలోని సిచువాను రాష్ట్రపు వైమానిక దళ కుటుంబములవారు తమ ఊరి రుచికై అలమటించి, దొరకిన చిక్కుడుగింజలతోను మిరపకాయలతోను కారపు ముద్దను ఊరవేసిరి. ఆ కారమును సోయా రసముతో చేర్చి, గోమాంసమును గంటలకొలది ఉడికించగా ఎఱ్ఱని చారు సిద్ధమైనది. దీనికి సిచువాను పేరు తగిలించినను, ఇది సిచువానున పుట్టినది కాదనియు, గాంగ్‌షాన్ ఆవాసములలోనిదే యనియు చరిత్రకారుడు లూ యావ్‌దోంగ్ అభిప్రాయపడెను. గోధుమపిండి అమెరికా సహాయరూపమున వచ్చినది. 1951 మొదలు 1965 వరకు సాగిన ఆ సహాయకాలమున ప్రభుత్వము, బియ్యమును ఎగుమతి చేసి విదేశీద్రవ్యము గడించు నుద్దేశముతో, గోధుమను తినుడని ప్రజలను ప్రోత్సహించెను. 1956 పిమ్మట పి.ఎల్. 480 ఒప్పందము క్రింద అమెరికా గోధుమను దిగుమతి చేసికొన్న మన దేశపు పెద్దలకు ఆ కాలపు బియ్యపు చింత వేరుగా వివరింప నక్కరలేదు. ఉద్యోగ మూడిన సైనికులు చిన్న బండ్లపై ఈ నూడుల్సును అమ్ముకొని బ్రతికిరి. 2005 నుండి తైపే నగరము దీని పేర ఉత్సవమునే జరుపుచున్నది. స్వగ్రామమును మరల చూడని మనుష్యుల బెంగ ఆ గిన్నెలో కలదని యెఱిగి తిను వారెందరో చెప్పజాలను. ఎఱుగుట మాత్రము అవసరమని నమ్ముచున్నాను.

తేయాకు కథ మరియొక దారిది. 1869లో స్కాట్లండు వర్తకుడు జాన్ డాడ్, స్థానిక వ్యాపారి లీ చున్‌షెంగ్ తోడ్పాటుతో, ఊలాంగ్ తేయాకును న్యూయార్కునకు పంపెను. 1925లో జపానువారు మన అస్సాము తేయాకు జాతిని సూర్యచంద్ర సరస్సు ప్రాంతమున నాటించిరి. అటుపై 1980 దశకమున పాలు కలిపిన చల్లని టీలో నల్లని గుండ్రని టాపియోకా గుళికలను వేయు బుద్ధి ఎవరికో పుట్టినది. తైచుంగ్ నగరపు చున్ షుయ్ తాంగ్ టీ అంగడివారును, తైనాన్ నగరపు హాన్‌లిన్ టీ అంగడివారును ఆ ఘనత తమదే యనిరి. వ్యాజ్యము చిరకాలము సాగి, పేటెంటు లేని పానీయమును ఎవరైనను చేసికొనవచ్చును గనుక తొలి కర్తను నిర్ణయించు పని లేదని 2019లో న్యాయస్థానము తేల్చినది. మన సగ్గుబియ్యమునకు ఆధారమైన కర్రపెండలమే ఆ గుళికలకును ఆధారము.

ఇంతటి వంటను ప్రభుత్వము చిరకాలము చిన్నచూపు చూచెను. విందులలో చైనా ప్రధానభూమి వంటలకే పెద్దపీట. వీధి తిండ్లకు చోటు లేదు. 2000లో, తైనాన్ ప్రాంతపు పేద కుటుంబమున పుట్టిన చెన్ షుయ్‌బియన్ అధ్యక్షపదవి స్వీకరించిన నాటి విందులో పాలచేప ఉండల చారును, గిన్నెలలో ఆవిరిపై ఉడికించిన బియ్యపుపిండి వంటకమును వడ్డించిరి. అధ్యక్షుని రాజకీయములపై ఎవరి అభిప్రాయ మెట్టిదైనను, ఆ వడ్డన న్యాయమైనది.

విద్యకై, ఉద్యోగమునకై తైవాను వెళ్లు మన యువకులకు ఒక మనవి. తైపేలోని పెద్ద హోటళ్లను కొంత తడవు మాని, మొదట కీలుంగ్ నగరమున దియాంజీ ఆలయము ముంగిటి సంతకు పొండు. జపాను తెంపురా పేరు నిలుపుకొని చేపముద్దగా మారిన తియన్‌బులాను అచ్చట రుచి చూడుడు. శాకాహారులు చింతింప నక్కరలేదు. బౌద్ధ సంప్రదాయ శాకాహారపు అంగళ్లపై తరచు స్వస్తిక చిహ్నము కనబడును, అది చూచి నిస్సంశయముగా లోనికి పొండు. వండువారిని, మీ తాతగారు ఏ ఊరినుండి వచ్చిరని అడుగుడు.