అటు బెల్... ఇటు ప్రభువు!

ఒకవైపు మనసుపడ్డ స్త్రీ, మరోవైపు పిలిచిన ప్రభువు. ఈ ఇద్దరి మధ్య నిలబడి ఒక గాయకుడు ఏకంగా ఒక ఆల్బమ్ పాడాడు. అదే 1977 డిసెంబరులో విడుదలైన ‘ది బెల్ ఆల్బమ్’. ఆ గాయకుడు ఆల్ గ్రీన్. 1972లో ‘లెట్స్ స్టే టుగెదర్’ పాటతో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కినవాడు. ఈ ఆల్బమ్ తెచ్చేనాటికి మాత్రం ఆయన మెంఫిస్ నగరంలో ఒక చర్చికి పాస్టర్!

1946లో ఆర్కాన్సా రాష్ట్రంలో పుట్టిన ఆల్ గ్రీన్ చిన్ననాడు అన్నదమ్ములతో కలిసి భక్తిగీతాలు పాడేవాడు. జాకీ విల్సన్ పాటలు వింటున్నాడని తండ్రి అతణ్ణి ఇంట్లోంచి గెంటేశాడు. ఆ తండ్రి కోపం వెనుక ఒక చరిత్ర ఉంది. సోల్ సంగీతం నల్లజాతి సంఘాల ఆరాధనలోంచి పుట్టినదే. అదే గొంతు, అదే ఆర్తి, అవే చప్పట్లు. ‘ప్రభువా’ అన్నచోట ‘ప్రియా’ అన్నారు, అంతే! తమ బిడ్డను ఎవరో ఎత్తుకుపోయినట్టు చాలామంది విశ్వాసులు బాధపడ్డారు.

1974 అక్టోబరులో ఆయనను ప్రేమించిన ఒక స్త్రీ మరుగుతున్న మొక్కజొన్న రవ్వ జావను ఆయన మీద పోసి, అదే ఇంట్లో తుపాకితో కాల్చుకొని చనిపోయింది. ఆయన తీవ్రంగా కాలిపోయాడు. ఆ దుర్ఘటనే ఆయనను దేవుని వైపు తిప్పిందని అందరూ చెబుతారు. కాని ఆయన సాక్ష్యం వేరు. తాను 1973లోనే, ఒక హోటల్ గదిలో, తిరిగి జన్మించానంటాడు. అంటే మారుమనస్సు ముందు, మంట తర్వాత. సాక్ష్యం నాటకీయంగా ఉంటేనే మనకు నచ్చుతుంది కాబట్టి ఈ వరుసను ఎవరూ పట్టించుకోరు. 1976లో ఆయన చర్చి భవనాన్ని కొని సేవ ఆరంభించాడు.

ఇక ఆల్బమ్ సంగతి. తనను తీర్చిదిద్దిన నిర్మాత విల్లీ మిచెల్‌ను విడిచి, సొంత స్టూడియోలో, తానే నిర్మాతగా, తానే గిటారు వాయిస్తూ ఎనిమిది పాటలు రికార్డు చేశాడు. మొదటి పాట ‘బెల్’. అందులోని పురుషుడు ఆ స్త్రీని శోధన అనడు, తూలనాడడు. ఆమె మీద తనకున్న ఆకర్షణను దాచడు కూడా. ఎంతో మర్యాదగా, దాదాపు బతిమాలుతున్నట్టు, తన అవసరం మరొకరని చెబుతాడు. వింటుంటే అతడింకా ఆమె గుమ్మం దగ్గరే ఉన్నాడనిపిస్తుంది. మన సాక్ష్యాలన్నీ భూతకాలంలోనే ఉంటాయి కదా! ‘ఒకప్పుడు తాగేవాణ్ణి, ఒకప్పుడు తిరిగేవాణ్ణి.’ పోరాటం ముగియకముందే, యబ్బోకు రేవులో ఇంకా తెల్లవారకముందే నోరు విప్పే ధైర్యం ఎందరికుంది? పాస్టర్లమైన మాకసలే లేదు.

విమర్శకులు ఆల్బమ్‌ను మెచ్చుకున్నారు. ‘రోలింగ్ స్టోన్’ పత్రికలో గ్రీల్ మార్కస్ ఎంతగానో ప్రశంసించాడు. ‘బెల్’ పాట ఆర్ అండ్ బి పట్టికలో మొదటి పదిలోకి వచ్చింది. కాని పాప్ ఆల్బమ్‌ల పట్టికలో ఆల్బమ్‌కు మొదటి వందలో కూడా చోటు దక్కలేదు. ప్రేమపాట కోరినవారికి ఇందులో దేవుడు ఎక్కువ, కీర్తన కోరినవారికి స్త్రీ ఎక్కువ. రెండు పడవల మీద కాళ్లు పెట్టాడని అనడం తేలిక. నాకు మాత్రం, ఒక పడవలోంచి మరో పడవలోకి అడుగు వేస్తున్న మనిషిని సరిగ్గా ఆ క్షణంలో ఫొటో తీసినట్టుంటుంది.

మా సంఘంలో కీబోర్డు వాయించే యువకుడొకడు శనివారాలు పెళ్లి ఆర్కెస్ట్రాలో సినిమా పాటలు వాయించేవాడు. అతణ్ణి ఆరాధనలో కూర్చోనివ్వవద్దని పెద్దలు పట్టుబట్టారు. నేను వారి మాటే విన్నాను. అతను మళ్లీ చర్చికి రాలేదు. ‘బెల్’ విన్నప్పుడల్లా అతని ముఖమే గుర్తొస్తుంది.

1979లో సిన్సినాటిలో ఆల్ గ్రీన్ వేదిక మీద నుండి పడి గాయపడ్డాడు. దాన్ని దేవుని హెచ్చరికగా తీసుకొని సువార్త గీతాలకే అంకితమయ్యాడు. 1980 నాటి ‘ది లార్డ్ విల్ మేక్ ఎ వే’ ఆల్బమ్ ఆయనకు గ్రామీ అవార్డు తెచ్చింది. ఏళ్లు గడిచాక ప్రేమపాటలకు తిరిగొచ్చాడు. 2003లో మళ్లీ విల్లీ మిచెల్‌తోనే ఆల్బమ్ చేశాడు, అదీ పాస్టర్‌గా ఉంటూనే. ఇది వెనుదిరగడమేనా అని ఒక సంఘ పెద్ద నన్ను అడిగారు. ఈసారి నేను తొందరపడి జవాబు చెప్పలేదు.