పైన పటారం: మొదటి కార్ పాలిషర్ కొనేవాళ్ళకి

ఖతార్‌లో మనవాళ్ళు ఇద్దరు కలిస్తే మాటలు మూడు చోట్లకి వెళ్తాయి: వీసా, ఇంటి అద్దె, కారు. కారు దగ్గరికొచ్చాక ఎవరో ఒకరు అంటారు, "బండి సూపరండీ, కానీ ఎండలో నిలబెడితే బోనెట్ మీద సాలెగూడు కనిపిస్తోంది" అని. ఆ సాలెగూడు వదిలించుకోడానికి పాలిషింగ్ మెషిన్ ఒకటి కొందామని చూస్తే రకరకాలు కనిపిస్తాయి. ఏది కొనాలో తోచదు. ఈ వ్యాసం ఆ మొదటి మెషిన్ గురించి, దానికి తగిలించే ప్యాడ్ల గురించి. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మెషిన్ కన్నా ప్యాడ్ ముఖ్యం, ప్యాడ్ కన్నా కారు తుడిచే పద్ధతి ముఖ్యం.

అసలు ఆ గీతలేంటి?

ఇప్పటి కార్లకి రంగు ఒక్క పొర కాదు. రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, ఆ పైన రంగులేని పొర ఇంకొకటి ఉంటాయి. ఈ పై పొరని క్లియర్ కోట్ అంటారు. మెరుపంతా దానిదే. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కింది రంగుని కాపాడేది కూడా అదే. దాని మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు. ఆఫీసు ప్రింటర్లో పెట్టే కాగితం మందం సుమారు 100 మైక్రాన్లు. అంటే మన కారు అందమంతా సగం కాగితం మందం మీద నిలబడి ఉందన్నమాట.

ఇక ఇక్కడి దుమ్ము సంగతి తెలిసిందే. వాయవ్యం నుంచి షమాల్ గాలి మొదలైందంటే పొద్దున కడిగిన కారు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఆ దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి. గట్టిదనాన్ని కొలిచే మోహ్స్ స్కేలు మీద క్వార్ట్జ్ 7, గాజు సుమారు 5.5. క్లియర్ కోట్ గాజు కూడా కాదు, ఒక రకం ప్లాస్టిక్. దాని మీది దుమ్ముని పొడిగుడ్డతో తుడవడమంటే ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే. రోజూ తుడిస్తే రోజుకి కొన్ని గీతలు పడతాయి.

ఆ గీతలు నిజానికి గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకీ పోతుంటాయి. వెలుగుకి అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు కనిపిస్తాయి. మీరు పక్కకి జరిగితే ఆ సాలెగూడూ మీతోపాటే జరుగుతుంది.

పాలిష్ చేస్తే గీత పూడిపోతుందని చాలామంది అనుకుంటారు. పూడదు. గీత అడుగు ఎంత లోతులో ఉందో అక్కడిదాకా చుట్టూ ఉన్న పొరని అరగదీసి చదును చేస్తాం, అంతే. గట్టిగా చేసే ప్రతి పాలిష్‌కీ రెండు మూడు మైక్రాన్లు పోతాయి. పోయింది మళ్ళీ రాదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు కదా, మనకున్నది కొండ కూడా కాదు. రూఫ్ మీదా బోనెట్ మీదా తెల్లగా పొట్టు లేచిపోయిన పాత కార్లు ఇక్కడి పార్కింగుల్లో చూసే ఉంటారు. అది క్లియర్ కోట్ చచ్చిపోయిన కారు. ఇంక దానికి ఏ మెషినూ పనికిరాదు, కొత్తగా రంగు వేయించాల్సిందే.

అందుకని మొదటి మెషిన్ కొనేటప్పుడు "ఎంత బాగా కోస్తుంది?" అని అడక్కూడదు. "నా చేతిలో ఎంత తక్కువ నష్టం చేస్తుంది?" అని అడగాలి.

భ్రమణం, పరిభ్రమణం

పాలిషర్లు ముఖ్యంగా రెండు రకాలు. రోటరీ అనేది బొంగరం లాంటిది. ప్యాడ్ ఒకే కేంద్రం చుట్టూ గిర్రున తిరుగుతుంది. రెండోది డ్యూయల్ యాక్షన్, ముద్దుగా డీఏ. ఇది స్కూల్లో చదువుకున్న భూమి లాంటిది. తన చుట్టూ తాను తిరుగుతూనే ఇంకో చిన్న కక్ష్యలోనూ తిరుగుతుంది. భ్రమణం, పరిభ్రమణం రెండూ ఉంటాయి. అందువల్ల రాపిడి ఒక్కచోటే పడకుండా చెదిరిపోతుంది, వేడి తక్కువ పుడుతుంది. మామూలు డీఏలో ఇంకో మంచి గుణం కూడా ఉంది. మరీ గట్టిగా అదిమితే ప్యాడ్ తనంతట తనే తిరగడం ఆపేస్తుంది. కొత్తవాడి చేతికి అదే రక్ష.

దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక షెడ్డులో పాలిష్ పని చేసే జగిత్యాల అన్న ఒకాయన ఉన్నాడు. ఆయన చేతిలో రోటరీ వెన్నలా జారుతుంది. నేర్చుకోవచ్చా అని అడిగితే నవ్వాడు.

"నీకు గిది వద్దు తమ్మీ. ఒక్కకాడ రెండు సెకండ్లు ఎక్కువ ఆగితే రంగు కాలిపోతది. నేను చెయ్యి పెట్టి చూస్త, ఏడెక్కిందా లేదా అని. ఆ చెయ్యి రావాలంటే పది బండ్లు ఖరాబు గావాలె. నీకున్నది ఒక్క బండే గదా?"

ఏ కొనుగోలు గైడూ ఇంత సూటిగా చెప్పదు. రోటరీ చెడ్డదేం కాదు, అది అనుభవం ఉన్నవాళ్ళ పనిముట్టు. ఒకే కారున్న మనకి డీఏ.

డీఏలో చూడాల్సినవి

మొదటిది త్రో, అంటే ఆ చిన్న కక్ష్య వ్యాసం. మామూలుగా 8 నుంచి 21 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. త్రో పెద్దదైతే విశాలమైన చదును భాగాల మీద పని త్వరగా అవుతుంది. కానీ వంపుల దగ్గర ప్యాడ్ తిరక్కుండా ఆగిపోతుంటుంది. చిన్నదైతే నిదానంగానైనా వంపుల్లో కుదురుగా పనిచేస్తుంది. ప్రాడో, పెట్రోల్ లాంటి పెద్ద బండికి 15 బాగుంటుంది. వంపులెక్కువున్న సెడాన్‌కి 8, 9 చాలు. 21 మాత్రం మొదటి మెషిన్‌గా వద్దు.

రెండోది బ్యాకింగ్ ప్లేటు. 5 అంగుళాలది, అంటే 125 మిల్లీమీటర్లది తీసుకోండి. ప్యాడ్ దానికన్నా కాస్త పెద్దదిగా, 5.5 అంగుళాలు ఉండాలి. లేకపోతే ప్లేటు అంచు రంగుకి తగులుతుంది.

మూడోది కరెంటు. ఖతార్‌లో 240 వోల్టులు, 50 హెర్ట్జ్, మూడు చదరపు పిన్నుల బ్రిటిష్ ప్లగ్గు. అమెరికా వెబ్‌సైట్లో చవగ్గా దొరికిందని 120 వోల్టుల మెషిన్ తెప్పించుకుంటే, ప్లగ్గు మార్చినంత మాత్రాన అది ఇక్కడ పనిచెయ్యదు, మోటారు కాలిపోతుంది. ఇండియాలో 230 వోల్టులే కాబట్టి అక్కణ్ణుంచి తెచ్చుకున్నది నడుస్తుంది, ప్లగ్గు మారిస్తే చాలు. అపార్ట్‌మెంటు బేస్‌మెంట్లో సాకెట్ ఉందో లేదో కూడా ముందే చూసుకోండి. లేకపోతే బ్యాటరీ మెషినే దిక్కు, దానికి బ్యాటరీలు కనీసం రెండు కావాలి.

వాట్ల సంఖ్య చూసి మురిసిపోకండి. మంచి కంపెనీ చేసిన 500 వాట్ల మెషిన్ హాయిగా పనిచేస్తుంది.

పని చేసేది ప్యాడే

మెషిన్ తిప్పుతుంది, అంతే. రంగుని తాకేది ప్యాడ్, దాని మీది పాలిష్ మందు. ఊలు, మైక్రోఫైబర్ ప్యాడ్లు గట్టిగా కోస్తాయి. మొదట్లో వాటి జోలికి పోనక్కర్లేదు, ఫోమ్ ప్యాడ్లు చాలు. అందులో మూడు రకాలుంటాయి: లోతు గీతలకి కటింగ్, మధ్యస్థంగా పాలిషింగ్, చివరి మెరుపుకి ఫినిషింగ్.

ఇక్కడ ఒక తిరకాసుంది. ప్యాడ్ రంగులు అన్ని కంపెనీలకీ ఒకటి కావు. లేక్ కంట్రీ వాళ్ళ పసుపు ప్యాడ్ గట్టిగా కోసేది. ఇటలీ కంపెనీ రూపెస్ వాళ్ళ పసుపు ప్యాడ్ సున్నితమైనది. "పసుపుది తీసుకో" అని స్నేహితుడు చెప్పాడని ఏదో ఒక పసుపుది కొనకండి. వెనకాల ఏం రాసుందో చదవండి.

ఎన్ని కొనాలి? పాలిషింగ్ ప్యాడ్లు నాలుగు, ఫినిషింగ్ రెండు, కటింగ్ ఒక్కటి. మెషిన్ మీద పెట్టినంతా కాకపోయినా దానికి దగ్గర్లో ప్యాడ్లకీ ఖర్చుపెట్టండి. ఒకే ప్యాడ్‌తో కారంతా చేస్తే ఊడివచ్చిన రంగు, ఎండిన మందు దాన్నిండా పేరుకుంటాయి. ఆ తరవాత అదే కొత్త గీతలు గీస్తుంది. రెండు అడుగుల చదరం పూర్తయిన ప్రతిసారీ బ్రష్షుతో ప్యాడ్ శుభ్రం చెయ్యాలి. ఒక డోరు, సగం బోనెట్ అయ్యాక ప్యాడ్ మార్చాలి.

మందులు రెండు చాలు: మధ్యస్థం ఒకటి, ఫినిషింగ్ ఒకటి. ముందు పాలిషింగ్ ప్యాడ్‌తో చిన్న చోట పరీక్షించండి. దాంతో గీతలు పోతే కటింగ్ ప్యాడ్ సంచీలోంచి బయటికే రానక్కర్లేదు. పరీక్షించిన చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నీళ్ళు కలిపి తుడిచి చూడండి. కొన్ని మందుల్లోని నూనె గీతల్ని తాత్కాలికంగా కప్పేస్తుంది, అది పోయాక మిగిలిందే నిజం. గోరుకి తట్టే గీతల్ని మాత్రం వదిలేయండి. అవి పోయేదాకా రుద్దితే పొరే పోతుంది.

మొదటి రోజు

ముందు కారు కడిగి, క్లే బార్‌తో అంటుకున్న మురికి తీసి, రబ్బరు అంచులకీ బాడీ మడతలకీ టేపు వెయ్యండి. మడతల మీద రంగు పల్చగా ఉంటుంది. బ్యాకింగ్ ప్లేటు మీద మార్కర్‌తో ఒక గీత గీస్తే ప్యాడ్ తిరుగుతోందో ఆగిందో తెలుస్తుంది. ప్యాడ్ మీద నాలుగైదు బఠాణీ గింజలంత మందు వేసి, తక్కువ స్పీడులో పరిచి, 4 లేదా 5 మీద పెట్టి నిదానంగా నడిపించండి. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, అలా నాలుగైదు మార్లు. ప్యాడ్ రంగుకి ఆనించాకే స్విచ్ వెయ్యాలి, ఆపాకే ఎత్తాలి. లేకపోతే మందు మీ చొక్కా నిండా ఉంటుంది.

ఎండలో మాత్రం చెయ్యొద్దు. 2010 జూలైలో దోహాలో 50.4 డిగ్రీలు నమోదైంది. ఆ ఎండలో రేకు అంతకన్నా ఎక్కువ కాలుతుంది, మందు వేసిన వెంటనే ఎండి అట్ట కడుతుంది. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు 10 నుంచి 3:30 వరకూ ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడి చట్టం. మనుషుల కోసం పెట్టిన ఆ నియమం పాలిష్‌కీ సరిపోతుంది. నవంబరు నుంచి మార్చి దాకా, నీడలో, గాలి లేని రోజు చూసుకోండి.

ఇదంతా చేశాక మళ్ళీ పొడిగుడ్డతో తుడిపిస్తే మూడు నెలల్లో సాలెగూడు తిరిగొస్తుంది. మళ్ళీ పాలిష్, మళ్ళీ రెండు మైక్రాన్లు. ఇక్కడ తాగునీరు దాదాపు అంతా సముద్రపు నీటి నుంచి తయారుచేసేదే. అందుకే తాగునీటితో, గొట్టం పెట్టి కారు కడగడాన్ని 2015 నాటి చట్టం నిషేధించింది. జరిమానా 20,000 రియాల్ల వరకూ ఉంటుంది. కాబట్టి ముందు ప్రెజర్ వాష్ దగ్గర దుమ్ము వదిలించుకుని, తరవాత బకెట్టు నీళ్ళలో రిన్స్‌లెస్ వాష్ మందు కలిపి, తడి మైక్రోఫైబర్ గుడ్డతో ఒకే దిక్కుగా తుడవాలి. ఒక మడత మురికైతే ఇంకో మడత.

పార్కింగ్‌లో కార్లు తుడిచే కుర్రాళ్ళని తిట్టి లాభం లేదు. ఒక బకెట్టు, ఒక గుడ్డ ఇచ్చి పాతిక కార్లు తుడవమంటే ఎవరైనా అలాగే చేస్తారు. నాలుగు మంచి గుడ్డలు మీరే కొనిచ్చి, "మన బండికి ఇవే వాడు తమ్ముడూ, దుమ్ముంటే పొడిగా తుడవకు, వదిలెయ్యి" అని చెప్పండి. నెల డబ్బులు మాత్రం తగ్గించకండి. ఆ నాలుగు గుడ్డల ఖర్చు ఒక ప్యాడ్ ఖరీదంత ఉంటుందేమో, కానీ మెషిన్ కన్నా ఎక్కువ క్లియర్ కోట్‌ని కాపాడేవి అవే.

నూటికి ఎనభై గీతలు పోగానే మెషిన్ ఆపేయండి. మిగతా ఇరవై దగ్గరికొచ్చి వెతికితే తప్ప కనపడవు. వాటి కోసం అరగదీసే పొర ఇంకో అయిదేళ్ళ ఎండకి కావాలి.