ముందు నీళ్లు, తర్వాతే ఓడ

1794లో జార్జ్ వాంకూవర్ మనుషులు అలాస్కా ఆగ్నేయ తీరానికి పటం గీస్తూ ఐసీ స్ట్రెయిట్ అనే జలసంధిలోకి వచ్చారు. ఉత్తరం వైపు చూస్తే అడ్డంగా మంచు గోడ. దాని ముందు అయిదు మైళ్ల చిన్న నొక్కు. చూసింది చూసినట్టు గీసుకుని వెళ్లిపోయారు. 1879 అక్టోబరులో ప్రకృతి పరిశీలకుడు జాన్ మ్యూర్ ట్లింగిట్ తెగ పడవవాళ్లతో కలిసి అదే చోటికి వచ్చాడు. అక్కడ గోడ లేదు. పడవ లోపలికి, ఇంకా లోపలికి పోతూనే ఉంది. ఎనభై అయిదేళ్లలో మంచు ముప్పై మైళ్లకు పైగా వెనక్కి జరిగి, ఖాళీ చేసిన చోటును సముద్రానికి అప్పగించింది. ఇప్పుడా అఖాతం పొడవు సుమారు 65 మైళ్లు. దాని పేరు గ్లేసియర్ బే.

ఆ మంచు కంటే ముందు అక్కడ మనుషులున్నారు. ఏరు, చేపలు, ఊరు అన్నీ ఉండేవని, మంచు ముందుకు నడిచొచ్చి తమను తరిమేసిందని హునా ట్లింగిట్ పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. 1750 ప్రాంతంలో మంచు అఖాతం నోటిదాకా వచ్చిందన్న శాస్త్రజ్ఞుల లెక్క ఆ మాటకు సరిగ్గా సరిపోయింది. 2016లో బార్ట్‌లెట్ కోవ్ ఒడ్డున ఆ తెగ ఉమ్మడి ఇల్లు మళ్లీ లేచింది.

ఏటా ఏప్రిల్ చివరి నుంచి అక్టోబరు దాకా సియాటిల్, వాంకూవర్ రేవుల నుంచి ఓడలు ఈ తీరానికి బయల్దేరతాయి. వేసవిలో అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే మన అమ్మానాన్నలు కూడా ఈ యాత్రకు వెళ్తున్నారు. ఇంట్లో చర్చ మాత్రం ఓడ దగ్గరే మొదలవుతుంది. ఎన్ని అంతస్తులు, భోజనం ఎలా ఉంటుంది, మనవలకు జారుడుబండ ఉందా? అలాస్కాకు వచ్చే పెద్ద ఓడల్లో చాలా వాటిని చలికాలంలో వెచ్చటి సముద్రాలకు తిప్పేస్తారు. అక్కడా అదే జారుడుబండ, అదే భోజనం. ఇక్కడ మాత్రమే దొరికేదంతా ఓడ బయటే ఉంది. అందుకే లెక్క బయట నుంచి మొదలుపెట్టాలి. ఏ నీళ్లు, ఏ మంచు, ఏ నెల అన్నవి తేలితే ఓడ సంగతి దానంతటదే తేలుతుంది.

చలే ఇక్కడి సిరి

ఉష్ణమండలంలో సముద్రం అడుగు కనిపించేంత తేటగా ఉంటే మనకు ముచ్చటేస్తుంది. నిజానికి ఆ తేటదనం లేమికి గుర్తు. పైనున్న వెచ్చటి నీరు, అడుగునున్న చల్లటి నీరు అంత తేలిగ్గా కలవవు. అడుగున పేరుకున్న పోషకాలు ఎండ తగిలే చోటికి రావు. అది ఆకలి నీరు.

అలాస్కా పాయల్లో నీరు అలా ఊరుకోదు. గ్లేసియర్ బేలో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం తేడా 25 అడుగుల దాకా ఉంటుంది. అంత నీరు ఇరుకు సందుల్లోంచి తోసుకొచ్చి, మళ్లీ లాక్కుపోతుంటే అడుగుది పైకి, పైది అడుగుకి చేరుతుంది. చల్లటి నీటిలో ఆక్సిజన్ ఎక్కువ ఇముడుతుంది. జూన్‌లో పద్దెనిమిది గంటల పగటి వెలుగు దానికి తోడవుతుంది. కంటికి కనిపించని నాచు నీళ్లనిండా పొంగుతుంది. దాన్ని తినే క్రిల్, ఆ తర్వాత హెర్రింగ్ చేపలు, వాటి వెనక తిమింగలాలు.

హంప్‌బ్యాక్ తిమింగలాలు చలికాలం హవాయిలో గడుపుతాయి. పిల్లల్ని కనడానికి ఆ వెచ్చదనం బాగుంటుంది, తినడానికి మాత్రం అక్కడ దాదాపు ఏమీ లేదు. పస్తులతోనే సుమారు మూడు వేల మైళ్లు ఈదుకుంటూ ఈ చలినీళ్లకు వస్తాయి. ఇక్కడ వాటి వేట ఒక వింత. కొన్ని తిమింగలాలు కలిసి హెర్రింగ్ గుంపు కిందికి వెళ్తాయి. ఒకటి గుండ్రంగా తిరుగుతూ బుడగలు వదులుతుంది. ఆ బుడగల దడిని దాటలేక చేపలు నడిమికి ఒదుగుతాయి. అప్పుడు అన్నీ ఒక్కసారిగా నోళ్లు తెరుచుకుని కిందినుంచి పైకి లేస్తాయి. నీళ్ల మీద బుడగల వలయం తేలడం మొదలైతే కెమెరా వెతుక్కోవడం మాని అక్కడే కళ్లు నిలపాలి.

ఈ సిరి నీళ్ల దగ్గరే ఆగిపోదు. వేసవి నడిమి నుంచి సాల్మన్ చేపలు తాము పుట్టిన ఏర్లకు ఎదురీదుతాయి. ఎలుగుబంట్లు వాటిని పట్టి అడవిలోకి ఈడ్చుకుపోయి సగం తిని వదిలేస్తాయి. సముద్రంలో పెరిగిన చేపల నత్రజని అలా చెట్ల వేళ్లకు చేరుతుంది. ఒడ్డున కనిపించే స్ప్రూస్ చెట్టు కొంత సముద్రాన్ని తిని పెరిగిందే.

అరవై అయిదు మైళ్లు, రెండున్నర శతాబ్దాలు

గ్లేసియర్ బేలోకి ఓడ వెళ్లడమంటే కాలంలో వెనక్కి వెళ్లడమే. నోటి దగ్గర నాచు పట్టిన స్ప్రూస్, హెమ్‌లాక్ అడవి ఉంటుంది. మంచు ముందుగా వదిలిన నేల అది. ఇంకొంత లోపలికి పోతే చెట్లు పొట్టివై ఆల్డర్ పొదలు వస్తాయి. కంది, పెసర చేలు మన పొలానికి చేసే మేలే ఈ ఆల్డర్ కొండరాతికి చేస్తుంది. దాని వేళ్లలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు ఇస్తాయి. ఇంకా ముందుకు పోతే నేలనంటుకున్న చిన్న మొక్కలు, నాచు. చివరికి వట్టి బండ. ఆ బండ ఎదుట మంచు. ఒక అడవి ఎలా పుడుతుందో మెట్టు మెట్టుగా ఒక్క పూటలో కళ్ల ముందు నడుస్తుంది. 1916లో విలియం కూపర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఇక్కడ నేల మీద చిన్న చదరాలు గుర్తించి, వాటిలో ఏ మొక్క ఎప్పుడు మొలిచిందో రాయడం మొదలుపెట్టాడు. ఆ చదరాలను పరిశోధకులు ఇప్పటికీ వెళ్లి చూస్తున్నారు. మంచు బరువు దిగిపోవడంతో నేల కూడా లేస్తోంది. అఖాతం నోటి దగ్గరున్న గుస్తావస్ అనే ఊరు ఏటా సుమారు ఒక అంగుళం పైకి వస్తోంది.

అఖాతం కొసన మార్జరీ హిమానీనదం ఉంటుంది. పొడవు 21 మైళ్లు, ముఖం వెడల్పు దాదాపు ఒక మైలు, నీటి పైన ఎత్తు సుమారు 250 అడుగులు. ఓడ కొంత దూరంలో ఆగి, రెండు వైపుల వాళ్లకూ కనిపించేలా నెమ్మదిగా తిరుగుతుంది. మంచు నీలంగా కనిపించడానికి కారణం దాని మీద ఏళ్ల తరబడి పడిన బరువు. కొత్త మంచు నిండా గాలి ఉంటుంది కాబట్టి తెల్లగా మెరుస్తుంది. పై పొరల ఒత్తిడికి ఆ గాలి చాలావరకు బయటికి పోయి, స్ఫటికాలు పెద్దవవుతాయి. వెలుతురు మంచులో చాలా దూరం ప్రయాణించాల్సి వస్తుంది. దారిలో ఎరుపును మంచు మింగేస్తుంది, నీలం మిగిలి మనదాకా వస్తుంది. మబ్బు పట్టిన రోజున ఈ నీలం ఇంకా చిక్కగా కనిపిస్తుంది కాబట్టి వాన పడిందని దిగులు పడక్కర్లేదు.

మంచు ముక్క విరిగిపడటం ముందు కంటికి, తర్వాత చెవికి అందుతుంది. దూరం నుంచి ధూళి రాలినట్టు కనిపించింది ఇల్లంత ముక్క కావచ్చు. చప్పుడు ఆలస్యంగా, కొండల మధ్య మోగుతూ వస్తుంది. అల పెద్దగా లేని వేళ తేలుతున్న చిన్న ముక్కల దగ్గర చెవి పెడితే చిటపటలు వినిపిస్తాయి. ఎప్పుడో వందల ఏళ్ల కింద మంచులో చిక్కుకున్న గాలి బుడగలు ఇప్పుడు విడుదలవుతున్న సద్దు అది. నీటి కింద ఆ సద్దు మరీ ఎక్కువ. సముద్రంలో ప్రకృతి చేసే రొదల్లో హిమానీనదాలు కలిసే పాయలే మొదటి వరుసలో ఉంటాయని పరిశోధకులు కొలిచి చెప్పారు.

ఏ మంచు, ఏ దారి

ఇక ఎంపిక. గ్లేసియర్ బే జాతీయ ఉద్యానంలోకి రోజుకు రెండు పెద్ద ఓడలకే అనుమతి. ఆ అనుమతుల్లో ఎక్కువ భాగం హాలండ్ అమెరికా, ప్రిన్సెస్ కంపెనీల దగ్గర ఉన్నాయి. ఉద్యాన సిబ్బందే ఓడ ఎక్కి రోజంతా ఒడ్డును వివరిస్తారు. ‘అలాస్కా యాత్ర’ అన్న పేరు చూసి టికెట్ కొనేస్తే చాలదు. రోజువారీ కార్యక్రమంలో గ్లేసియర్ బే అన్న మాట ఉందో లేదో చూడాలి.

అది దొరక్కపోతే హబ్బర్డ్ హిమానీనదం ఉంది. దాని పొడవు 76 మైళ్లు, ముఖం వెడల్పు ఆరు మైళ్లకు పైనే. చుట్టుపక్కలవి చాలావరకు కరిగి వెనక్కి పోతుంటే ఇది వందేళ్లకు పైగా ముందుకే వస్తోంది. 1986లో పక్కనున్న రసెల్ ఫియర్డ్ నోటిని మూసేసి, సముద్రపు పాయను నెలల పాటు చెరువుగా మార్చింది. ఆ అక్టోబరులో కట్ట తెగింది. 2002లో మళ్లీ మూసింది. మూడో దారి ఇరుకైన పాయలది. అక్కడ నిటారు కొండలు ఓడకు బాగా దగ్గరగా వస్తాయి. 2025 ఆగస్టులో అలాంటి పాయల్లో ఒకటైన ట్రేసీ ఆర్మ్‌లో కొండచరియ విరిగిపడి పెద్ద అల లేచింది. ఆనించుకున్న మంచు తొలగిపోయాక కొండవాలు వదులవుతుందన్నది అక్కడి హెచ్చరిక. ఆ తర్వాత చాలా ఓడలు పక్కనున్న ఎండికాట్ ఆర్మ్‌కు మళ్లాయి.

ఎక్కే రేవును బట్టి కూడా సముద్రం మారుతుంది. సియాటిల్ నుంచి వెళ్లే ఓడలు ఎక్కువగా వాంకూవర్ దీవికి పడమరన, బయటి పసిఫిక్ మీదుగా పోతాయి, ఊపు ఉంటుంది. కడుపులో తిప్పే స్వభావం ఉన్న పెద్దవాళ్లతో వెళ్తే వాంకూవర్ నుంచి ఎక్కడం మేలు. ఆ దారి దీవికీ భూభాగానికీ నడుమ సేమూర్ నారోస్ అనే ఇరుకు గుండా పోతుంది. పోటు సమయంలో అక్కడ నీటి వేగం గంటకు పాతిక కిలోమీటర్లు దాటుతుంది. అందుకే ఓడలు ప్రవాహం నిలకడగా ఉండే ఘడియ చూసుకుని దాటతాయి. అక్కడి నీటి అడుగున ఓడల్ని ముంచుతూ వచ్చిన రిపుల్ రాక్ అనే బండను 1958 ఏప్రిల్ 5న, సముద్రం కింద సొరంగం తవ్వి, వెయ్యి టన్నులకు పైగా పేలుడు పదార్థంతో పగలగొట్టారు.

వెళ్లిన రేవుకే తిరిగొచ్చే వారం రోజుల యాత్ర తేలిక. సెవార్డ్ లేదా విట్టియర్‌లో దిగిపోయే ఒకవైపు యాత్ర ఖర్చెక్కువ. కానీ అక్కడి నుంచి అలాస్కా రైల్లో యాంకరేజ్, ఇంకా లోపల 6,190 మీటర్ల డెనాలీ శిఖరం వైపు వెళ్లొచ్చు. డెనాలీ చాలా రోజులు మబ్బుల్లోనే ఉంటుంది కాబట్టి దాని కోసం ఒక్క రోజు కాకుండా రెండు మూడు రోజులు కేటాయించాలి.

ఏ నెల

మేలో వాన తక్కువ, కొండల మీద మంచు ఎక్కువ, టికెట్ ధర కూడా కాస్త కిందికి ఉంటుంది. జూన్‌లో పగలు బాగా పొడవు. జులై, ఆగస్టుల్లో సాల్మన్, ఎలుగుబంట్లు, తిమింగలాలు, వాటితో సమానంగా జనం. సెప్టెంబరులో వానలు ముదిరి రాత్రులు చీకటవుతాయి. ఆకాశం తేటపడితే ధ్రువకాంతులు కనిపించే వీలుంటుంది. ఇంకొకటి కూడా ఉంది. గ్లేసియర్ బేలోని జాన్స్ హాప్కిన్స్ పాయలో సీల్స్ మంచు ముక్కల మీద పిల్లల్ని కంటాయి. వాటిని బెదరగొట్టకుండా మే 1 నుంచి ఆగస్టు 31 దాకా అక్కడికి పెద్ద ఓడల్ని రానివ్వరు. ఆ పాయ చూడాలంటే సెప్టెంబరు దాకా ఆగాల్సిందే.

వాన ఎప్పుడైనా తప్పదు. ఈ తీరంలోని కెచికాన్ ఊళ్లో ఏడాదికి సుమారు 150 అంగుళాలు కురుస్తుంది. విశాఖలో పడేదానికి మూడు రెట్లకు పైనే. తడిస్తే నూలు బట్ట వంటిని చల్లబరుస్తుంది. కాబట్టి లోపల ఉన్ని లేదా త్వరగా ఆరే బట్ట, పైన నీళ్లు దిగని కోటు, టోపీ, చేతి తొడుగులు కావాలి. మంచు ముందు డెక్ మీద గంటల తరబడి నిలబడేది మనమే.

కాగితాలు, గదులు

విదేశీ జెండాతో నడిచే ఓడ అమెరికా రేవులో మనుషుల్ని ఎక్కించుకుని అమెరికాలోనే తిప్పి దించకూడదని 1886 నాటి చట్టం ఒకటుంది. పెద్ద ఓడలన్నీ దాదాపు విదేశీ జెండావే. సియాటిల్ నుంచి వెళ్లి వచ్చే ఓడ కెనడాలోని విక్టోరియాలో కాసేపైనా ఆగడానికి కారణం అదే. అందువల్ల భారతీయ పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లకు పలుసార్లు ప్రవేశం ఇచ్చే అమెరికా వీసాతో పాటు కెనడా వీసా కూడా ఉండాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు కెనడా వీసా అక్కర్లేదు గానీ కార్డు, పాస్‌పోర్టు రెండూ చెల్లుబాటులో ఉండాలి. ఉద్యోగ వీసాల వాళ్లు స్టాంపు గడువు ముందే చూసుకోవాలి. ఓడ ఎవరి కోసమూ ఆగదు. ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్లు రెండు రోజుల ముందే రేవు ఉన్న ఊరికి చేరడం మంచిది. శాకాహారం సంగతి టికెట్ కొన్నప్పుడే చెప్పిపెట్టాలి.

బాల్కనీ గది బాగుంటుంది, కానీ డబ్బు సరిపోకపోతే దానికోసం మంచును వదులుకోవద్దు. కిటికీ లేని గది తీసుకుని గ్లేసియర్ బేకు వెళ్లినవాడు డెక్ ఎక్కి అన్నీ చూస్తాడు. ఖరీదైన బాల్కనీతో ఇంకో దారిలో పోయినవాడికి ఆ బాల్కనీ మాత్రమే మిగులుతుంది.

ఈ ఓడలు ఆగే రేవుల్లో ఒకటైన, రోడ్డు దారి లేని జూనో నగర జనాభా ముప్పై రెండు వేలకు అటూ ఇటూ. 2024 నుంచి అక్కడ రోజుకు అయిదు పెద్ద ఓడలకే చోటు. 2026 నుంచి మామూలు రోజున 16,000 మంది, శనివారం 12,000 మంది అని పరిమితి పెట్టుకున్నారు. రేవులో నిలిచినప్పుడు ఇంజిన్లు ఆపి ఒడ్డు నుంచి కరెంటు తీసుకునే ఏర్పాటు కూడా 2001 నుంచే అక్కడ ఉంది. రెండు మూడు కంపెనీల వాళ్లు ఒకే ధర చెప్పినప్పుడు ఏ ఓడ ఆ కరెంటు వాడుకుంటుందో అడగండి. వేడెక్కుతున్న గాలికి పలచబడుతున్న మంచును చూడటానికే కదా ఆ ఓడ పొగ వదులుతూ పోయేది. గ్లేసియర్ బేలో రోజుకు రెండు ఓడలన్న నియమం యాత్రికులకు విసుగు తెప్పించవచ్చు గానీ, అక్కడ సీల్ పిల్లకు, తిమింగలానికి, మన చెవికి చేరే మంచు చప్పుడుకు చోటు మిగిల్చింది ఆ నియమమే. ఆ రెంటిలో ఒకదాని మీద గది కావాలంటే ఏడాది ముందే నెల ఖాయం చేసుకోండి, వీసాలకు దరఖాస్తు పెట్టండి. జారుడుబండ గురించి ఆ తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.