పాడి పశువుల భీమా – సభ్యులు గమనించవలసిన సంగతులు

చిన్న రైతు ఇంట గేదె ఒక్కటే ఉన్నా, ఇల్లు గడిచేది దాని మీదనే. అంగడి బాకీ, పిల్లల ఫీజు, బ్యాంకు కిస్తీ అన్నీ పాల బిల్లులో నుండే తీరాలి. అటువంటి పశువు హఠాత్తుగా చనిపోతే రాబడి ఆగుతుంది గాని కిస్తీ ఆగదు. ఈ నష్టాన్ని పూడ్చుకొనే మార్గమే పశు భీమా. అయితే ప్రీమియం కట్టి కూడా పరిహారం అందుకోలేని సభ్యులు తనిఖీలలో తరచు తారసపడుతుంటారు. షరతులు ముందుగా తెలుసుకొనకపోవడమే ఇందుకు ముఖ్య కారణం.

భీమా దేనికి?

ఇది మనుషుల ఆరోగ్య భీమా వంటిది కాదు. సాధారణ పశు భీమా పాలసీ పశువు మరణానికి వర్తిస్తుంది. డాక్టరు ఫీజు, మందుల ఖర్చు ఇవ్వదు. పొదుగువాపు వచ్చి నయమైతే చికిత్స ఖర్చు రైతుదే. పశువు శాశ్వతంగా పాలివ్వలేని, చూడి కట్టలేని స్థితికి వస్తే పరిహారం కావాలనుకొనేవారు అదనపు ప్రీమియం చెల్లించి ఆ రక్షణ చేర్పించుకోవాలి. అప్పుడు చాలా పాలసీలలో భీమా మొత్తంలో 75 శాతం ఇస్తారు. దొంగతనానికి, తప్పిపోయిన పశువుకు, నిర్లక్ష్యం వలన కలిగిన మరణానికి సాధారణంగా పరిహారం ఉండదు.

పాలసీ తీసుకొనే ముందు

వయస్సు: సాధారణంగా పాడి ఆవులకు 2 నుండి 10 ఏండ్లు, గేదెలకు 3 నుండి 12 ఏండ్ల వరకు భీమా చేస్తారు.

వెల: ప్రీమియం తగ్గుతుందని 80,000 రూపాయల గేదెను 40,000కు వ్రాయిస్తే, చనిపోయినప్పుడు వచ్చేది 40,000 మాత్రమే. ఎక్కువ వ్రాయించినా లాభం లేదు. మార్కెట్టు వెల, భీమా మొత్తం – ఈ రెండింటిలో ఏది తక్కువయితే అది ఇచ్చే పాలసీలు చాలా ఉన్నాయి.

నిరీక్షణ కాలం: పాలసీ మొదలైన తొలి రోజులలో, సాధారణంగా 15 రోజులు, జబ్బుతో మరణిస్తే పరిహారం రాదు. కనుక జబ్బు పడ్డాక భీమాకు పరుగెత్తి ప్రయోజనం లేదు. గడువు తీరక ముందే రెన్యూవల్ చేయించుకోవాలి.

టీకాలు: గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించి, తేదీలతో సర్టిఫికెట్టు దాచుకోవాలి. టీకా వేయించని పశువు ఆ జబ్బుతో చనిపోతే కంపెనీ క్లెయిము నిరాకరించవచ్చు.

ప్రీమియం సహాయం: కేంద్ర ప్రభుత్వం 2005-06లో 100 జిల్లాలలో ప్రయోగాత్మకంగా పశు భీమా పథకం ప్రారంభించి, ప్రీమియంలో సగం భరించింది. 2024 ఫిబ్రవరిలో జాతీయ పశుగణ మిషన్‌ను సవరించి రైతు వాటాను 15 శాతంగా నిర్ణయించారు. ఉదాహరణకు, ప్రీమియం 2,400 రూపాయలయితే రైతు కట్టేది 360. మీ మండలంలో నమోదు జరుగుచున్నదీ లేనిదీ పశువైద్యశాలలో విచారించి, ఆ తరువాతే పూర్తి ప్రీమియం పాలసీ గురించి ఆలోచించండి.

చెవి పోగే సాక్ష్యం

చనిపోయిన పశువే భీమా చేసిన పశువు అనడానికి రుజువు చెవి పోగు. పోగు లేనిదే క్లెయిము లేదు. ఇప్పుడు వేసే పసుపు పోగు మీద 12 అంకెలు ఉంటాయి. ఆ అంకెలు, పాలసీలోని అంకెలు ఒకటేనా అని కాగితం చేతికి వచ్చిన రోజే సరిచూసుకోవాలి. మేతలో, కంపలలో పోగు ఊడిపోతే వెంటనే కంపెనీకి వ్రాతపూర్వకంగా తెలిపి, డాక్టరుచే కొత్త పోగు వేయించి, ఆ నంబరును పాలసీలో ఎక్కించాలి. ‘తరువాత చూద్దాం’ అనుకున్న నెలలోనే పశువు పోయి, ఒక్క రూపాయి రాని కుటుంబాలు ఉన్నాయి.

పశువు చనిపోతే

1. పూడ్చక ముందే కంపెనీకి, పశువైద్యునికి, సంఘ కార్యదర్శికి తెలపాలి.
2. పోగు కనబడేటట్లు ఫోటో తీయించాలి. పోగును పారవేయరాదు, కంపెనీకి అప్పగించాలి.
3. పోస్టుమార్టం చేయించాలి. దొమ్మ రోగమని అనుమానముంటే కళేబరాన్ని కోయరాదు, డాక్టరు చెప్పినట్లు నడుచుకోవాలి.
4. క్లెయిము ఫారం, పాలసీ, పోస్టుమార్టం రిపోర్టు దాఖలు చేసి, నకళ్ళు ఉంచుకొని, రశీదు తీసుకోవాలి.

సంఘం చేయదగినది

ప్రతి సంఘంలోను ఒక భీమా రిజిస్టరు ఉండాలి. సభ్యుని పేరు, పోగు నంబరు, పాలసీ నంబరు, గడువు తేదీ అందులో వ్రాయాలి. పాల బిల్లు పంచే రోజున కార్యదర్శి ఆ పుట తిప్పి, గడువు దగ్గరపడినవారికి చెప్పాలి, “పోగు ఉన్నదా?” అని ప్రతి సభ్యుని అడగాలి. దీనికి సంఘానికి అయ్యే ఖర్చు ఒక నోటు పుస్తకం మాత్రమే.