మరచిన సంకేతపదం, మూతపడిన చిట్టా

వ్యాపారి చిట్టా పుస్తకాలు ఇనప్పెట్టెలో ఉన్న రోజుల్లో తాళంచెవి పోతే తాళాలు బాగుచేసే వానిని పిలిపించేవారు. పెట్టెకు సొట్ట పడినా పుస్తకం మాత్రం దక్కేది. నేడు ఆ చిట్టా కంప్యూటర్‌లోకి చేరింది. దాని తాళంచెవి యజమాని జ్ఞాపకంలో ఉండే పాస్‌వర్డ్, అంటే ఒక సంకేతపదం. ఆ పదాన్ని మరచిపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు కొన్నేళ్ల క్రితం ఉన్న సమాధానం వేరు, నేటి సమాధానం వేరు. చిన్న వ్యాపారులు, గృహ వినియోగదారులు తెలుసుకోవలసిన మార్పు ఇది.

విండోస్ 10కు సాధారణ మద్దతును మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబర్ 14తో ముగించింది. తత్ఫలితంగా అనేక కార్యాలయాలు విండోస్ 11 వైపు మళ్లవలసి వచ్చింది. 2024లో వెలువడిన విండోస్ 11 సంచికతో వచ్చే కొత్త కంప్యూటర్లలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించిన వెంటనే డిస్కులోని సమాచారం యావత్తూ దానంతటదే రహస్యలిపిలోకి మారే ఏర్పాటు ఉంది. దొంగ చేతికి చిక్కిన ల్యాప్‌టాప్ నుంచి సమాచారం బయటపడకుండా ఇది కాపాడుతుంది. కానీ తాళంచెవి పోగొట్టుకున్న యజమానికీ, దొంగకూ మధ్య తేడా ఆ యంత్రానికి తెలియదు.

యంత్రానికీ తెలియని రహస్యం

పాస్‌వర్డ్ కంప్యూటర్‌లోనే ఎక్కడో రాసి ఉంటుందని, నేర్పరి అయిన సాంకేతిక నిపుణుడు దానిని చదివి చెప్పగలడని చాలామంది భావిస్తారు. ఇది అపోహ. అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కార్బటో బృందం 1960వ దశకం ఆరంభంలో రూపొందించిన వ్యవస్థలో పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్లుగానే ఒక ఫైలులో ఉండేవి. 1966లో జరిగిన పొరపాటు వల్ల ఆ జాబితా ప్రవేశించిన వారందరి ముందూ ప్రత్యక్షమైంది. కాలక్రమంలో పద్ధతి మారింది. యూనిక్స్ వ్యవస్థలో పాస్‌వర్డ్‌ను తిరగవ్రాయ వీలులేని గణితరూపంలోకి మార్చి దాచే విధానాన్ని రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్‌లు 1979లో ఒక పత్రంలో వివరించారు. నేటి కంప్యూటర్లు అనుసరిస్తున్నది ఈ మార్గాన్నే. అందువల్ల పాత పాస్‌వర్డ్‌ను యంత్రం చెప్పలేదు, దాని స్థానంలో కొత్తది పెట్టుకోనివ్వగలదు, అంతే.

మూడు దారులు

ఆ కొత్తది పెట్టుకునే దారి ఖాతా రకాన్ని బట్టి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతా అయితే మరో కంప్యూటర్ నుంచో, ఫోన్ నుంచో పాస్‌వర్డ్ మార్చుకుని, ఇంటర్నెట్‌కు అనుసంధానమైన తన యంత్రంలో ప్రవేశించవచ్చు. అయితే ఖాతాలో నమోదైన ఫోన్ నంబరు వాడుకలో ఉండాలి. సిమ్ మార్చినప్పుడు ఖాతాలో పాత నంబరునే వదిలేసినవారు చిక్కుకునేది ఇక్కడే. కార్యాలయ నెట్‌వర్క్‌కు చెందిన యంత్రమైతే అక్కడి నిర్వాహకుడు కొత్త పాస్‌వర్డ్ ఇవ్వగలడు. ఆ యంత్రానికే పరిమితమైన స్థానిక ఖాతా అయితే, ముందుగా ఏర్పరచుకున్న భద్రతా ప్రశ్నలే ఆధారం. అవి కూడా లేనప్పుడు యంత్రాన్ని మొదటి స్థితికి తీసుకురావడమే మైక్రోసాఫ్ట్ సూచించే పరిష్కారం. అలా చేస్తే అందులోని ఫైళ్లు పోతాయి.

గతంలో మరమ్మతు దుకాణాలవారు వేరే డిస్కుతో యంత్రాన్ని నడిపించి, ఫైళ్లను బయటకు తీసి ఇచ్చేవారు. రహస్యలిపిలో ఉన్న డిస్కు విషయంలో ఈ ఉపాయం పారదు. 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య ఇస్తేనే ఆ డిస్కు తెరుచుకుంటుంది.

2024 జూలై పాఠం

ఆ 48 అంకెల విలువ 2024 జూలై 19న ప్రపంచానికి తెలిసివచ్చింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన సవరణ వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు స్తంభించాయి. మన దేశంలో ఇండిగో సంస్థ దాదాపు 200 విమాన సర్వీసులను రద్దు చేసింది. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాస్‌లను చేతితో రాసి ఇచ్చారు. నాడు ఎవరూ పాస్‌వర్డ్ మరచిపోలేదు. అయినా రహస్యలిపి రక్షణ ఉన్న యంత్రాలను చక్కదిద్దడానికి ఒక్కొక్క దానికీ దాని పునరుద్ధరణ సంఖ్యను వెదకి తీయవలసి వచ్చింది. ఆ సంఖ్యలను పదిలపరచుకున్న సంస్థలు త్వరగా తేరుకోగలిగాయి.

గడువు ఆగదు

పెద్ద సంస్థలకు ఇటువంటి పనికి ప్రత్యేక సిబ్బంది ఉంటారు. ఒకే కంప్యూటర్, ఒకే గుమాస్తా ఉన్న దుకాణానికి ఆ వెసులుబాటు లేదు. 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి వచ్చిన తరువాత లెక్కలకు నెలవారీ గడువులు వచ్చిపడ్డాయి. నెలనెలా రిటర్ను వేసేవారు 20వ తేదీలోగా జీఎస్‌టీఆర్-3బి దాఖలు చేయాలి. ఆలస్యమైతే రోజుకు రూ.50 రుసుము, బకాయి పన్నుపై ఏడాదికి 18 శాతం వడ్డీ పడతాయి. కంప్యూటర్ తాళం పడిందన్న కారణంతో ఈ లెక్క ఆగదు.

లెక్కల సాఫ్ట్‌వేర్‌కు విడిగా మరో తాళం ఉండవచ్చు. దేశంలో విస్తృతంగా వాడుకలో ఉన్న టాలీలో ‘టాలీవాల్ట్’ పాస్‌వర్డ్ పెట్టుకుంటే సంస్థ లెక్కలన్నీ రహస్యలిపిలోకి మారతాయి. దానిని మరచిపోతే తిరిగి పొందే మార్గం లేదు. ఆ పదం తెలిసిన ఒకే ఒక్క గుమాస్తా ఉద్యోగం మానివేసినా, యజమాని హఠాత్తుగా మరణించినా కుటుంబం చేతిలో మిగిలేది తెరుచుకోని పెట్టె.

చట్టం ఒప్పుకునేంత వరకే

తన యంత్రంలోకి తాను తిరిగి ప్రవేశించడం యజమాని హక్కు. ఇతరుల యంత్రం సంగతి వేరు. మోసపూరితంగా వేరొకరి పాస్‌వర్డ్‌ను వాడుకోవడం ఐటీ చట్టంలోని 66సి సెక్షన్ కింద నేరం. దీనికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అందుకే యంత్రాన్ని మరమ్మతుకు తెచ్చిన వ్యక్తి నుంచి కొనుగోలు రశీదు అడిగి చూడటం దుకాణదారుకే క్షేమం.

జాగ్రత్తలన్నీ ముందుగా తీసుకోవలసినవే. యంత్రం తెరుచుకుంటున్నప్పుడే 48 అంకెల సంఖ్యను ఖాతా నుంచి తీసి, కాగితంపై అచ్చువేసి, ఆస్తిపత్రాలతోపాటు భద్రపరచాలి. ఖాతాలోని ఫోన్ నంబరు సరిచూసుకోవాలి. లెక్కల ప్రతిని వారానికి ఒకసారైనా వేరే డిస్కులోకి ఎక్కించి, దానిని కంప్యూటర్ పక్కనే కాక మరోచోట ఉంచాలి. ఆ కాగితం ఎక్కడ ఉందో ఇంట్లోనో, సంస్థలోనో నమ్మకస్తులైన మరొకరికి తెలిసి ఉండాలి. అరగంటలో ముగిసే ఈ పనికి గడువు తేదీ దాకా ఆగవలసిన అవసరం లేదు.