చారిత్రక అపరాధ పరిశోధక నవలలను చదువవలసిన విధము

అపరాధ పరిశోధక నవలలనిన విద్యార్థులకు మిక్కిలి ప్రీతి. పెద్దలు కొందరు వానిని కేవలము కాలక్షేపపు పుస్తకములని తేలికగా జూతురు. అయినను వానిలో గతకాలమును ఆధారముగా గొని కథ నడుపు శాఖ యొకటి కలదు. శ్రద్ధతో జదివినచో అది చరిత్ర పాఠమునకు తోడగును. ఏమరుపాటుతో జదివినచో కల్పనను సత్యమని నమ్మించును. కావున దానిని జదువు విధమును గూర్చి యించుక విచారింతము.

ఇట్టి నవలలో గతకాలము నాటకపు తెరవలె వెనుక వ్రేలాడుచుండిన చాలదు. నేరమే ఆ కాలమునుండి పుట్టవలెను. ఇంగ్లండు రాజగు స్టీఫెను 1138లో ష్రూస్‌బరీ కోటను పట్టి, అందలి వారిని ఉరితీయించెను. ఇది చరిత్ర. ఎల్లిస్ పీటర్స్ అను రచయిత్రి 1979లో ప్రకటించిన 'వన్ కార్ప్స్ టూ మెనీ' అను నవలలో, ఆ శవములను ఖననమునకు సిద్ధపరచుటకు కాడ్ఫేల్ అను సన్న్యాసి వచ్చి లెక్కించును. 94 ఉండవలసిన చోట 95 కనబడును! యుద్ధపు చావులలో ఒక హత్యను దాచిపెట్టిన వాడెవడు? ఇదియే కథకు మూలము.

పరిశోధన సాధనములును ఆ కాలమునకు తగియుండవలెను. వ్రేలిముద్రల కార్యాలయము కలకత్తాలో స్థాపింపబడినది 1897లో. కాడ్ఫేల్‌కు అట్టి సహాయము లేదు. సన్నని త్రాడు మెడమీద విడిచిన గుర్తు, ఉరిత్రాటి గుర్తు వంటిది కాదని ఆయన కంటితో జూచి గ్రహించును.

ఆచారములు సయితము కథను నడుపును. సుజాతా మాసీ 2018లో ప్రకటించిన 'ది విడోస్ ఆఫ్ మలబార్ హిల్' అను నవల 1921 నాటి బొంబాయిలో జరుగును. ఘోషాలోనున్న ముగ్గురు వితంతువుల ఆస్తి వ్యవహారమది. పురుషులగు న్యాయవాదులు వారి యెదుటికి పోజాలరు. పెర్వీన్ అను పార్సీ న్యాయవాదిని మాత్రము పోగలదు. ఈ పాత్ర కల్పితమే. కాని 1892లో ఆక్స్‌ఫర్డున న్యాయశాస్త్ర పరీక్షకు గూర్చుండి, పిమ్మట ఘోషా స్త్రీల పక్షమున శ్రమించిన కార్నీలియా సొరాబ్జీ జీవితము దీనికి ప్రేరకము.

ఇక జాగ్రత్త యేమనగా, వర్ణన యెంత సజీవముగా నున్నను అది సాక్ష్యము కాదు. డచ్చి దేశీయుడగు రాబర్ట్ వాన్ గూలిక్ వ్రాసిన కథలలోని డీ న్యాయాధికారి, 7వ శతాబ్దమున చీనాలో టాంగ్ వంశపు కాలమున నిజముగా నుండినవాడే. కాని కథలలోని ఆచారములు పెక్కు శతాబ్దముల తరువాతి మింగ్ కాలమునకు జెందినవి. ఈ సంగతిని గ్రంథకర్తయే తన చివరి మాటలలో దాచక తెలిపెను. ఆ పుటలను విడిచిపెట్టు చదువరి మోసపోవును. ఆ మోసము గ్రంథకర్తది కాదు.

జోసెఫీన్ టే 1951లో ప్రకటించిన 'ది డాటర్ ఆఫ్ టైమ్' అను నవలలో, ఆసుపత్రి మంచముపై నున్న పోలీసు అధికారి యొకడు 3వ రిచర్డు రాజు తన అన్న కుమారులను చంపించెనను నేరారోపణను పరిశోధించి, రాజు నిర్దోషియని నిశ్చయించును. వాదము మనోహరము. కాని చరిత్రకారులందరును దాని నంగీకరింపలేదు. ఆ రాజు యెముకలు 2012లో లెస్టరు నగరమున బయల్పడినవి. వెన్నెముక ప్రక్కకు వంగియుండెనని అవి తెలిపినవి గాని, ఆ బాలురను చంపినదెవరో తెలుపలేదు.

కావున విద్యార్థులారా, ఇట్టి నవల ముగించినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ నేరము ఆ కాలముననే యేల జరిగినది? ఇందు నిజముగా నుండినవారెవరు, కల్పితులెవరు? గ్రంథకర్త తాను చేర్చినదానిని చెప్పెనా? పిమ్మట చరిత్ర గ్రంథమును దెరచి సరిచూచుకొనుడు. మృతులు న్యాయస్థానమునకు వచ్చి తమ పక్షమును చెప్పుకొనజాలరు. అట్టివారిని ఒక్క కథనుబట్టి దోషులనియు నిర్దోషులనియు దీర్మానించుట, విద్య నేర్చినవారికి తగదు.